కొనేవాళ్ళ తరఫున

ఐదేళ్ళ పాటు నేను ఒక అంకెను దాచాను. ఇరవై ఎనిమిది. అవి నిమిషాలు. పోయిన నెల దాకా ఆ అంకెను ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి మోసేవాళ్ళు గుండె మీద బండ పెట్టినట్టుంటుందని అంటారు. నాకు అలా లేదు. ఒకే పక్కకు చాలాసేపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, అది మన చెయ్యేనని తెలుసు, గిల్లితే మాత్రం తెలియదు. అలా ఉండింది. ఆ చేత్తోనే అన్నం తిన్నాను, సంతకాలు పెట్టాను, జనానికి ఇళ్ళు చూపించాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా సాకు చెబితే మీరు గుర్తుపట్టండి. నాకు తెలియకపోవచ్చు. చాలా కాలంగా వాటితోనే ఉన్నాను.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. రెండేళ్ళు వంతెన పనుల్లో సూపర్‌వైజరుగా చేసి, అది నచ్చక, అనంతపురంలో ఇళ్ళూ స్థలాలూ చూపించే పనిలోకి వచ్చాను. అప్పుడు నాకు ఇరవై నాలుగు. ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకూ నాకూ తేడా కనిపించాలని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముప్పై రెండు అంశాల పట్టిక. గోడల్లో పగుళ్ళు, స్లాబు వాలు, మురుగు పోయే దారి, మీటరు, లింకు డాక్యుమెంట్లు, ఇలా. ప్రతిదీ నేనే స్వయంగా చూసి, పక్కన రాసి, కింద సంతకం పెట్టి, కొనేవాళ్ళ చేతికి ఇచ్చేవాణ్ణి. కార్డు మీద నా పేరు కింద 'కొనేవాళ్ళ తరఫున ఇంజనీరు' అని అచ్చు వేయించాను. ఆ మాట నేనే ఆలోచించి పెట్టుకున్నాను. కార్డులు వచ్చిన రోజు ఒకటి జేబులోంచి తీసి చాలాసార్లు చూసుకున్నాను.

పట్టికలో పదిహేడో అంశం నీళ్ళు.

ఆమెను ఇక్కడ సలోమి గారు అంటాను. అసలు పేరు అది కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి తాడిపత్రిలో రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆమెతో నాగలక్ష్మమ్మ ఉంటుంది. అదే వార్డులో ఆయాగా చేసిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇద్దరిదీ ఒకే వంట. ఒకామె ఆదివారం చర్చికి పోతే ఇంకొకామె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఇన్నేళ్ళు కలిసి ఉన్నా, రిటైరై ఎన్నాళ్ళయినా, నాగలక్ష్మమ్మ ఆమెను 'సిస్టరమ్మా' అనే పిలుస్తుంది.

వాళ్ళు అద్దెకున్న ఇల్లు బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్ల పక్క వీధిలో ఉండేది. పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. సలోమి గారికి ఉబ్బసం. డాక్టరు ఊరు మారమన్నాడు. ఉద్యోగం చివర్లో చేతికి వచ్చిందంతా పెట్టి ఒక చిన్న ఇల్లు కొనాలని ఆమె నా దగ్గరికి వచ్చారు. మూడే కోరికలు చెప్పారు. మెట్లు ఉండకూడదు. దుమ్ము ఉండకూడదు. నీళ్ళు ఉండాలి. మూడోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు, అదేదో అత్యాశ అయినట్టు.

గుత్తిలో కోట కింద ఒక ఇల్లు చూపించాను. మెట్లు ఎక్కువని వద్దన్నారు. అనంతపురంలో ఒకటి చూపించాను. అది రెండో అంతస్తు. మూడోది సోమందేపల్లె దగ్గర, హైవే నుంచి కొంచెం లోపలికి, రిటైరైన వాళ్ళ కోసమే వేస్తున్న వెంచరు. అరవై ఇళ్ళు, అన్నీ నేలమట్టానివే. గడపల దగ్గర మెట్లు లేకుండా వాలు. బాత్‌రూముల్లో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు. మంచం పక్కన గంట, అది నొక్కితే వచ్చే అంబులెన్సు కూడా పెడతామన్నారు. చుట్టూ ఎక్కడా ఫ్యాక్టరీ లేదు. సలోమి గారు పుట్టిన ఊరు కూడా ఆ దగ్గర్లోనే. ఫోటోలను ఆమె ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు.

వాళ్ళను తీసుకుపోవడానికి వారం ముందు, నా పద్ధతి ప్రకారం, ఒక్కణ్ణే పోయి పట్టిక నింపాను. మొత్తం వెంచరుకు ఒకటే బోరు. బోరు ఎంత ఇస్తుందో తెలియాలంటే ఆగకుండా మోటారు ఆడించాలి. మొదట వచ్చేది గొట్టంలో నిలవున్న నీళ్ళు. అవి అయిపోయాక వచ్చేదే అసలు ఊట. ఇది కాలేజీలో చదివాను, పొలాల్లో చూశాను. వాచ్‌మన్‌తో స్విచ్ వేయించి, బకెట్, స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. మొదట రెండించుల పైనే వచ్చాయి. ఇరవయ్యో నిమిషానికి ఇంచున్నర. ఇరవై ఎనిమిదో నిమిషంలో పైపు దగ్గింది, గాలీ బురదా కలిసి చిమ్మాయి, తర్వాత ఏమీ రాలేదు. గంట ఆగి మళ్ళీ వేయించాను. తొమ్మిది నిమిషాలు వచ్చాయి. రెండు అంకెలూ పుస్తకంలో రాసుకున్నాను. అరవై ఇళ్ళకు కాదు, పది ఇళ్ళకు కూడా అది చాలదు.

వెంచరు ఓనరు అక్కడే రేకుల షెడ్డులో ఉన్నాడు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. నాకు కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

"యాడ పోయినా బోర్లు ఇట్లే ఉండాయప్పా. వాన పడితే సర్దుకుంటాది. రెండు దినాలు మోటారు ఆడించకుండా పెడ్తా, అప్పుడు పిల్చుకొనిరా. అరగంట ఎవురు నిలబడ్తారు? మన జనం నీళ్ళు ఊరికే పారేది సూడలేరు. వాళ్ళే ఆపమంటారు, సూస్తా ఉండు."

తర్వాత ఇంకో మాట అన్నాడు. "ఇంకా నలభై ఇండ్లుండాయి. అన్నీ నువ్వే అమ్ముకో."

నేను ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. టీ తాగాను.

ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబులు ఒకసారి కాగితం మీద వరుస సంఖ్యలతో రాశాను. ఏడు వచ్చాయి. నాయనకు అప్పుడు ఒంట్లో బాగాలేదన్నది మొదటిది. నాయనకు నిజంగానే బాగాలేదు, కానీ ఆ ఇల్లు అమ్ముడుపోకపోయినా మందులు ఆగేవి కావు. కొట్టేశాను. వానలు వస్తాయేమోనన్నది రెండోది. నేను ఈ జిల్లావాణ్ణి, కొట్టేశాను. అలా ఆరు కొట్టేశాక ఒకటి మిగిలింది. అది ఇది: కొనేవాళ్ళు నా దగ్గరికి ఒక్కసారే వస్తారు. అమ్మేవాడు ప్రతి నెలా ఉంటాడు. వయసు మళ్ళినవాళ్ళ కోసం కట్టిన ఇలాంటి చోట అమ్మేవాడు ఒక్కడే. వాడితో చెడితే ఆ గేటు లోపలికి మళ్ళీ పోలేను. కమీషనులో కొనేవాళ్ళు నాకు ఇచ్చేది ఒక వంతు, వాడు ఇచ్చేది మూడు. నా కార్డు మీద ఒకరి పేరు ఉంది, నా కడుపు ఇంకొకరి దగ్గర ఉంది. ఈ పనిలో అందరి సంగతీ ఇంతే అని నాకు తెలుసు. మిగతావాళ్ళు కార్డు మీద ఏమీ అచ్చు వేయించుకోలేదు. అంతే తేడా.

తర్వాత వారం కారు మాట్లాడుకుని వాళ్ళిద్దరినీ తాడిపత్రి నుంచి తీసుకువెళ్ళాను. నాగలక్ష్మమ్మ వెనక సీట్లో పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అనంతపురం దాటాక నా కార్డును తిప్పి తిప్పి చూసింది.

"ఏమప్పా ఇంజనీరూ, నిజం చెప్పు. నువ్వు మా పక్కమా, వాళ్ళ పక్కమా?"

"మీ పక్కమే పెద్దమ్మా. కార్డు మీద అదే కదా రాసింది."

"కార్డుదేముందిలే. మా తాడిపత్రిలో లారీల ఎనక దేవుడే దిక్కని రాసుకుంటారు. ముందర సూస్తే డ్రైవరు తాగింటాడు."

సలోమి గారు నవ్వారు. "ఊరికే ఉండు నాగలక్ష్మీ. పిల్లోడు బాధపడ్తాడు. అన్నీ సూసి సంతకం పెట్టి ఇస్తాడంట. సంతకం పెట్టేవాడు అబద్ధం రాస్తాడా?"

"నువ్వు ఆస్పత్రిలో సంతకాలు సూసి సూసి చెడిపోయినావు సిస్టరమ్మా. నేను మొగం సూస్తా." ముందుకు వంగి నిజంగానే నా ముఖం చూసింది. "బాగనే ఉండాడులే. బువ్వ సరిగ్గా తినేటట్టు లేడు, అంతే."

అందరం నవ్వాం. నేను కూడా.

ఇల్లు వాళ్ళకు నచ్చింది. సలోమి గారు బాత్‌రూములో కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశారు. మంచం ఎటు వేసుకోవాలో, కిటికీ ఎటు వస్తుందో ఇద్దరూ వాదించుకున్నారు. వరండాలో నిలబడి ఆమె ఊపిరి లోపలికి గట్టిగా పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చారు. మేడం, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగాను. లేదప్పా, వస్తాందా లేదా అని సూస్తాండా అన్నారు.

తర్వాత బోరు దగ్గరికి పోయాం. రెండు రోజులు ఆడించని బోరు. వాచ్‌మన్ స్విచ్ వేశాడు. పైపు నిండా నీళ్ళు దూకాయి.

"ఎన్నించులుంటాయప్పా?" అన్నారు సలోమి గారు.

"రెండించుల పైనే మేడం."

అది నిజం. ఆ నిమిషానికి నిజం.

నాగలక్ష్మమ్మ దోసిలి పట్టి తాగింది. "తియ్యగుండాయి సిస్టరమ్మా! ఈ నీళ్ళల్లో అయితే కందిబ్యాళ్ళు ఒక్క పొంగుకే ఉడుకుతాయి." మొహం కడుక్కుంది. తడి చేత్తో సలోమి గారి మెడ మీద రాసింది. ఆమె 'అబ్బా' అని వెనక్కి జరిగారు.

నేను వాచీ చూస్తున్నాను. అక్కడ అప్పటికి చెట్టూ లేదు, తొట్టీ లేదు. నీళ్ళు చిన్న గుంత నింపి, అంచు దాటి, ఎర్రమట్టిలోకి పోతున్నాయి. ఏడు నిమిషాలు. తొమ్మిది. వాళ్ళిద్దరి చూపులూ పైపు మీంచి నేల మీదికి మారాయి. నవ్వులు తగ్గాయి. పదకొండు.

"ఆపప్పా సామీ, ఆపు! నీళ్ళన్నీ మట్టిపాలైతాండాయి," అంది నాగలక్ష్మమ్మ.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఈ కాగితాలన్నీ ఆ మాట కోసమే రాస్తున్నాను.

"పర్వాలేదు పెద్దమ్మా. అరగంట ఆడనిద్దాం. పూర్తిగా చూసుకుంటేనే మీకు మంచిది."

"అరగంటనా? నీకేమన్నా పిచ్చా? ఆ నీళ్ళతో రెండు కొంపలు వారం బతుకుతాయి. కండ్లతో సూసినాం, నోటితో తాగినాం. ఇంకేం సూసేది?"

సలోమి గారు వాచ్‌మన్ వైపు చెయ్యెత్తారు. "ఆపెయ్యప్పా. నీళ్ళు దండగ చేస్తే పాపం తగుల్తాది."

పన్నెండో నిమిషంలో మోటారు ఆగింది.

ఆ మాట ఎందుకన్నాను? నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. వాళ్ళు ఎలాగూ ఆపమన్నారు. మాట అనకుండా ఉంటే నేను నిజం దాచినవాణ్ణి మాత్రమే అయ్యేవాణ్ణి. అన్నాను కాబట్టి వాళ్ళ కళ్ళల్లో నిజాయితీ ఉన్నవాణ్ణి అయ్యాను. కాదంటారని తెలిసే అన్నాను. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు గేదె కుడితికి పోతాయి, మొహం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోతాయి. కొళాయి కట్టేయకుండా బయటికొస్తే మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. ఓనరు ఈ జనాన్ని అమ్మేవాడిగా చూసి చెప్పాడు. నేను ఈ జనంలోనే పుట్టాను. నా స్థానంలో వేరే జిల్లావాడు ఉండి ఉంటే వాళ్ళే ఆపమంటారని వాడికి తెలిసేది కాదు, భయపడి ఉండేవాడు, బహుశా నిజం చెప్పి ఉండేవాడు. నాకు భయం వేయలేదు. వాళ్ళ మంచి అలవాటును నేను కొలిచి పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కారులోనే పట్టిక ఇచ్చాను. పదిహేడో అంశం పక్కన 'సరిపోతుంది' అని ఉంది. మిగతా ముప్పై ఒకటీ నిజాలు. ఒక కిటికీ చట్రం వంకరగా ఉందని కూడా రాశాను. అలాంటివి రాశాను కాబట్టే పదిహేడోదాన్ని నమ్మారు.

వాళ్ళు కార్తీకంలో చేరారు. వెంచరులో అప్పటికి పన్నెండు కుటుంబాలు ఉన్నాయి. చలికాలం గడిచింది. శివరాత్రి దాటాక నీళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక అరగంట వచ్చేవి. ఎండలు ముదిరేసరికి అది పొద్దున ఒక్కపూట అయింది. ఓనరు ఇంకో బోరు వేయించాడు. వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచింది. ఆ తర్వాత ఆయన రావడం తగ్గించాడు. అంబులెన్సు రాలేదు, గంటలకు తీగలు కలపలేదు. ట్యాంకరు వారానికి రెండుసార్లు వచ్చి గేటు దగ్గర ఆగేది. వీళ్ళది ఆఖరు వరుస. మెట్లు లేని ఇల్లే కానీ, నీళ్ళు మాత్రం గేటు నుంచి మోయాలి. సలోమి గారి మోకాళ్ళు మోయలేవు. నాగలక్ష్మమ్మ మోసింది. అరవై దాటిన మనిషి రెండు బిందెలు ఎత్తుకుని ఆఖరు వరుస దాకా నడిచేది. నేను ఒకసారి పోయినప్పుడు చూశాను. చూసి ఒక బిందె అందుకున్నాను. "మా ఇంజనీరు బంగారు," అంది.

రెండో ఎండాకాలంలో ఆమె నడుం పట్టేసింది. మంచం మీద నుంచి లేవలేని మనిషికి నీళ్ళెక్కువ కావాలి. నర్సుగా చేసినామెకు అది వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటికి తాళం వేసి ఇద్దరూ తాడిపత్రికి తిరిగి వెళ్ళారు. పాత ఇల్లు దొరకలేదు. అదే వీధిలో, యూనిట్లకు ఇంకా దగ్గరగా, ఒక గది దొరికింది.

ఇక్కడితో అయిపోలేదు. తర్వాతది ఎక్కువ సిగ్గుపడాల్సిన విషయమని తెలుసు, రాస్తుంటే మాత్రం సిగ్గు రావడం లేదు. చెయ్యి మామూలుగానే కదులుతోంది.

ఓనరు మీద ఫిర్యాదు చేయాలని సలోమి గారు ఒక వకీలును కలిశారు. నాకు ఫోన్ చేశారు. "నువ్వు మావాడివి గదప్పా, ఇంజనీరువి. బోరు గురించి రెండు మాటలు రాసి సంతకం పెట్టియ్యి." రాశాను. ఒక పేజీ, ఏడు పాయింట్లు. వర్షాభావం, భూగర్భ జలాలు అడుగంటడం, చుట్టుపక్కల బోర్లు ఎక్కువ కావడం. అన్నీ నిజాలే. నాలుగో పాయింటు: అమ్మకం సమయంలో బోరు దిగుబడి తృప్తికరంగా ఉండింది. ఆ వాక్యం లేకపోతే నా మొదటి సంతకం నిలబడదు. వకీలు ఆ కాగితం చదివి, మీ ఇంజనీరే వాన తప్పంటున్నాడు, ఇంక కేసు ఏముందమ్మా అన్నాడట. ఆమె నాకు ఫోన్ చేసి ఆ మాట చెప్పారు. నేను ఏమీ అనలేదు. నేను బాధపడుతున్నాననుకున్నారు.

"వాన పడకపోతే నువ్వేం చేస్తావులేప్పా," అని ఓదార్చారు.

నలభై ఇళ్ళు అమ్ముకోమన్నాడు కదా ఓనరు. ఒక్కటి కూడా అమ్మలేదు. దాన్ని నా ఖాతాలో మంచిగా వేయకండి. ఆ 'అరగంట' మాటను రెండోసారి అంత సులువుగా అనగలనా లేదా అని అనుమానం, అంతే. కార్డులు అయిపోయాక మళ్ళీ అచ్చు వేయించలేదు. ఇళ్ళు చూపించే పని మాత్రం మానలేదు.

పోయిన నెల ఆమె మళ్ళీ ఫోన్ చేశారు. గొంతులో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఆ ఇల్లు అమ్మి, వచ్చిన కాడికి తీసుకుని, దుమ్ము లేని ఊరు ఏదైనా అద్దెకు చూసుకుంటారట. గుంతకల్లు నుంచి ఒక రిటైర్డు లెక్చరర్ ఫోన్ చేశాడట, ఇల్లు చూస్తాననీ, ధర నచ్చితే కొంటాననీ. "నువ్వే చూపియ్యప్పా. ఇంకొకరైతే మోసం చేస్తారు."

చూస్తాను మేడం అని పెట్టేశాను. నాలుగు రోజులు ఏమీ చేయలేదు. ఐదో రోజు ఆదివారం, మధ్యాహ్నం తాడిపత్రిలో దిగాను. గదిలో కిటికీకి తడి గుడ్డ కట్టి ఉంది. నాగలక్ష్మమ్మ చాపమీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, "ఏమప్పా, ఇంకా బువ్వ తినేది నేర్చుకోలేదా?" అంది.

నిలబడే చెప్పాను. ముందే మనసులో వరుస పెట్టుకుని వచ్చాను కాబట్టి తడబడలేదు. వారం ముందు నేను ఒక్కణ్ణే పోవడం, ఓనరు చెప్పింది, రెండు రోజుల విరామం, అరగంట మాట, పదిహేడో అంశం, నాలుగో పాయింటు. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

సలోమి గారు మంచం అంచున కూర్చుని విన్నారు.

"ఎన్ని నిమిషాలు వచ్చినాయి?"

"ఇరవై ఎనిమిది మేడం."

"మల్ల వేసి సూసినావా?"

"గంట తర్వాత. తొమ్మిది."

తల ఊపారు. రోగి జ్వరం ఎంతో విని రాసుకునేవాళ్ళు ఊపినట్టు. నాగలక్ష్మమ్మ చెయ్యి చాటలో ఆగిపోయింది. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. ఆమె తిట్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, వాటి కోసం సిద్ధమై వచ్చాను. చాట పక్కన పెట్టి, నడుం పట్టుకుని లేచి, బయటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

"ఆ ఇంటి మీద నాకు వచ్చిందంతా తిరిగి ఇచ్చేస్తాను మేడం. జరిగిందంతా రాసి సంతకం పెట్టి ఇస్తాను. దాంతో కేసు వేయొచ్చు."

"నీ సంతకాలు నా దగ్గర రెండుండాయి," అన్నారు.

తర్వాత నా వైపు చూడకుండా, మామూలు గొంతుతో అడిగారు.

"గుంతకల్లాయన వస్తానన్నాడు గదా. ఆయప్పకు ఏమని చెప్పేది ఇప్పుడు?"

నాకు అర్థం కాలేదు.

"నిన్నటిదాంక నాకు తెలీదు. వాన లేక ఎండింది, మంచి వానలు పడితే మల్ల వస్తాయి అనుకుంటి. ఆ మాటే ఆయప్పకూ చెప్పి అమ్ముకుందును. నా మనసులో అబద్ధం ఉండేది కాదు. ఇప్పుడు తెల్సిపాయె. తెల్సినాక నేనెట్ల అమ్మేది? చెప్పు."

ఆ ప్రశ్న వస్తుందని నేను అసలు ఆలోచించలేదు. బస్సులో కూర్చుని నా తప్పులన్నీ వరుస పెట్టుకున్నాను, ఆమె ఆ మధ్యాహ్నం తర్వాత ఏం చేస్తారన్నది ఆ వరుసలో లేదు.

"నువ్వు మోయలేక నా నెత్తిన దించిపోయేకి వచ్చినావు," అన్నారు. దగ్గు వచ్చింది. దిండు కింద నుంచి పఫ్ తీసి రెండుసార్లు పీల్చారు. నేను నీళ్ళ గ్లాసు అందుకోబోతే వద్దని చెయ్యి ఊపారు. "ఇంక పోప్పా."

మూడు రోజులకు గుంతకల్లు లెక్చరర్ నాకు ఫోన్ చేశాడు. నా నంబరు సలోమి గారు ముందే ఇచ్చి ఉన్నారట. "ఆయమ్మే ఫోన్ చేసింది సార్. బోరులో నీళ్ళు మొదట్నుంచే లేవంట, కొంటే ఇబ్బంది పడతారు, రావద్దండి అని చెప్పింది. ఇట్లాంటి మనిషిని నేను చూడలేదు." మీ దగ్గర వేరే ఇళ్ళు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను.

ఆమెకు నేను రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ పోలేదు. పోతే ఎవరి కోసం పోతున్నట్టు? ఇంతకుముందు ఈ ప్రశ్న నాకు వచ్చేది కాదు.

మీకు చెప్పాలనుకున్నది బోరు సంగతి అనుకుని మొదలుపెట్టాను. అది కాదని రాస్తూ ఉంటే తెలిసింది. చెప్పాల్సింది ఇది. ఆ ఆదివారం వాళ్ళ గదిలోంచి బయటికొచ్చి, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదలగానే నిద్రపోయాను. అనంతపురం వచ్చిందని కండక్టరు భుజం తట్టి లేపాడు. ఐదేళ్ళలో అంత గాఢంగా పడుకోలేదు. ఇంటికి పోయి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని మళ్ళీ పడుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ బాగా నిద్రపడుతోంది.

ఆమె ఇల్లు అమ్ముడుపోలేదు, ఇక పోదు. ఇద్దరూ అదే గదిలో ఉన్నారు. నేను నిద్రపోతున్నాను. ఈ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.